అల్వాల్ బడి కోసం నేర్చుకున్న కోట్లు

మా చిన్నప్పుడు... గౌడవెల్లిలో మా ఇంటి వసారాలో షాబాద్ బండలు పరిచి ఉండేవి. కోళ్ల ఫారంలో పని ముగించుకుని రాగానే నాయిన సుద్దముక్కతో బండకో అంకె వేసేవాడు. కుడివైపు నుంచి మొదలుపెట్టి నేను ఒక్కో బండ మీదికీ గెంతాలి.

ఒకట్లు... పదులు... వందలు... వేలు... వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

సున్నా ఉన్న బండను దాటేస్తే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "గట్ల ఇడిసిపెట్టకు బిడ్డా. సున్నా తీసేస్తే లక్షల జాగల ఉన్నది పదివేలకు దిగుతది."

ఒకరోజు ఆయనే అన్నాడు... "కోట్ల దాంక తప్పులేకుండ సదువు. నిన్ను అల్వాల్ల ఇంగ్లీష్ బడికి పంపుత."

ఇక ఆ వేసవి సెలవుల్లో నాకు వేరే ఆటే లేదు. సెలవులు అయిపోవస్తుండగా ఒక సాయంత్రం నాయిన 4,05,00,320 అని వేశాడు. నాలుగు కోట్ల ఐదు లక్షల మూడు వందల ఇరవై... ఎక్కడా తడబడలేదు. నన్ను ఎత్తుకుని వాళ్లమ్మ, మా అవ్వ దగ్గరికి తీసుకుపోయాడు. "జూడవ్వా, నా బిడ్డను!"

బళ్లు తెరిచే ముందు కొత్త బట్టలు తెచ్చాడు. తెల్ల చొక్కా, నీలం నిక్కరు... మా తమ్ముడి కొలతకి.

"నాదేది నాయినా?"

"ఇద్దర్ని సదివిచ్చే తాకత్ లేదు బిడ్డా. నువ్వు ఆడపిల్లవు... నీకు ఊళ్లె బడి ఉన్నది గద."

"మరి మాటిచ్చినవ్ గద!"

నాయిన బీడీ ముట్టించుకుని బయటికి వెళ్లిపోయాడు.

తమ్ముడు అల్వాల్ బడికి రోజూ మా చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడి వెంట రైల్లో పోయొచ్చేవాడు. కొన్నాళ్లకు లెక్కల హోంవర్కు రాక ఏడుస్తూ కూర్చున్నాడు.

"జెర తమ్మునికి సెప్పు బిడ్డా... నీకు మంచిగొస్తది గద," అన్నాడు నాయిన.

నాకు బాగా వస్తుందని ఆయనకు తెలుసు... తెలిసే పంపలేదు. అది అప్పుడే నాకు అర్థమైంది. చెప్పాను. తమ్ముడికి వచ్చేదాకా చెప్పాను. ఆ రాత్రి మాత్రం నాయిన పక్కన కూర్చుని అన్నం తినలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ప్రేమగానే తలుచుకుంటాను... ఆ ఒక్క మాట మాత్రం మరిచిపోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఆడపిల్లలు పొద్దున్నే స్కూలు బస్సు కోసం గుంపుగా నిలబడతారు. చూస్తే సంతోషమే... కాస్త కుళ్లు కూడా.

మీకిస్తానన్నది కూడా ఇలాగే మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇచ్చేశారా? చెప్పండి... వింటాను.