ఎలుగుబంటి బొమ్మతో బోధన్ ప్రయాణం

కాచిగూడలో నిజామాబాద్ వైపు వెళ్ళే పొద్దుటి బండి ఎక్కేసరికి ఇంకా మంచు విడలేదు. మూడో తరగతి బల్లలు చెమ్మగా ఉన్నాయి. పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చుకున్న రేకుపెట్టెను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కిటికీ తలుపు సగం దించి కూర్చున్నాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని బండ్ల సంగతులూ తిండి సంగతులూ కూడా రాస్తున్నాను. మిగతా సంగతి ఎవరికి పనికొస్తుందో నాకు తెలియదు.

పెట్టెలో ఉన్నవి అడవిజంతువుల ఫోటోలు. రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతోపాటు హైదరాబాదుకు తరలివచ్చిన గుమాస్తాల్లో నేనొకణ్ణి. సెలవు దొరికితే నలుగురూ సినిమాకు పోతారు, నేను అడవికి పోతాను. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. అలా ఏళ్ళ తరబడి తీసినవాటిలో మంచివి ఏరి అట్టలకు అంటించాను. నోరు తెరుచుకు పడుకున్న మొసలి ముక్కు మీద వాలిన పిట్ట, నీళ్ళలో తన నీడను చూసి బెదిరిన దుప్పి, కోపం వచ్చి పిల్ల చెవి మెలిపెడుతున్న కొండముచ్చు. అన్నింటికంటే నాకు ఇష్టమైనది ఎలుగుబంటిది. ఇప్పపూలు రాలే రోజుల్లో తీశాను. తల్లి నడుస్తూ ఉంటే వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకుని, బండెక్కిన పెళ్ళివారిలా కులాసాగా కూర్చుని ఉంటాయి. చూసి నవ్వనివాళ్ళు ఇంతవరకు లేరు.

నవ్వుల కోసమే ఈ ప్రయాణం. మా తోడల్లుడు పున్నయ్యగారు మూడేళ్ళ కిందట గుంటూరు దగ్గర భూమి అమ్మేసి, వర్ని దారిలో ఉన్న ఒక క్యాంపులో చెరుకు తోట కొన్నారు. నిజాంసాగర్ కాలువ కింద కోస్తా రైతులు కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. కిందటి నెల ఆయన భార్య, మా వదిన రత్తమ్మగారు హైదరాబాదు వచ్చి మా ఇంట్లో కన్నీళ్ళు పెట్టుకున్నారు. “మా తోటలో పాలేరు ఒకడు చనిపోయాడయ్యా. అప్పటినుంచి కూలివాళ్ళు మా గడప తొక్కడం లేదు. నరకాల్సిన చెరుకు ఎండిపోతోంది. ఆయనతో ఎవరూ మాట్లాడరు. నీ జంతువుల బొమ్మలు తీసుకొచ్చి బడిలో చూపించు. ఆ కూలివాళ్ళ పేట పిల్లలన్నా వస్తారు. పిల్లల వెనక పెద్దలు వస్తారు” అన్నారు. నాకు ఆ ఆలోచన అంతగా నచ్చలేదు గాని, ఆమె మాట తీసెయ్యలేకపోయాను.

కామారెడ్డిలో బండి ఆగింది. వేడి మిరపకాయ బజ్జీలు, మట్టి వాసన వేసే టీ. అక్కడ ఎక్కిన పసుపు వ్యాపారి ఒకాయన నా పెట్టె వంక అదేపనిగా చూసి, “గింత బరువున్నది, ఏముంది సార్ అండ్ల?” అని అడిగాడు. తెరిచి చూపించాను. ఆయన పై కండువాతో చేతులు తుడుచుకుని మరీ ఒక్కొక్కటే అందుకున్నాడు.

“అబ్బో! గీ కొండెంగను సూడుండ్రి, పిల్ల చెవు గుంజుతున్నది!”

“కొండముచ్చండీ” అన్నాను.

“మీకు కొండముచ్చు, మాకు కొండెంగ. దానికేమన్న ఎర్కనా దాని పేరు?” అని బండిలో అందరూ వినేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ప్రయాణంలో నేను మనసారా నవ్వింది అంతే.

నిజామాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నమైంది. స్టేషన్ బయట హోటల్లో జొన్నరొట్టె, పప్పు దొరుకుతాయి. కారం ఎక్కువ, మంచినీళ్ళు తక్కువ. గంజ్ బజారు వైపునుంచి పసుపు ఘాటు వస్తుంది. పక్క బల్ల మీద ఇద్దరు మరాఠీలో బేరం మాట్లాడుకుంటున్నారు. బోధన్ బండికి చాలాసేపు కాచుకోవాలి. ఆ బండి జానకంపేట దగ్గర మళ్ళి, చెరుకు బండ్ల పక్కన వాటికంటే కాస్త వేగంగా పోతుంది. బోధన్‌లో దిగగానే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ముక్కుకు తగులుతుంది. మొదట తియ్యగా ఉంటుంది, కాసేపటికి వెగటవుతుంది. అక్కడినుంచి వర్ని బస్సు.

బస్సులో నా పక్కన ఒక ముసలామె కోడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎక్కడికని అడిగింది. పున్నయ్యగారి క్యాంపు అన్నాను. ఆమె కోడిని సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. “గా దొరింటికా? మంచిగ లేదు బిడ్డా ఆయింట్ల” అని మాత్రం అంది.

పున్నయ్యగారు బస్సు దగ్గరికే వచ్చారు. ఏడాది కిందట చూసిన మనిషి కాడు. గడ్డం మాసింది, భుజాలు జారాయి. నడుస్తుంటే దారికి రెండు పక్కలా నరకని చెరుకు పసుపురంగుకు తిరిగి ఉంది. అడక్కుండానే ఆయనే చెప్పడం మొదలుపెట్టారు.

“గంగారామని, మంచివాడయ్యా. నేను వచ్చిన నాటినుంచీ నా దగ్గరే. ఆ రోజు మునిమాపువేళ నీళ్ళు మళ్ళించడానికి వెళ్ళి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. ‘దొరా, చెరుకుల గుడ్డెలుగున్నది’ అన్నాడు. వీళ్ళు వెలుగును ఎలుగంటారులే, నాకు అలవాటైంది. ఎవరో చిన్న దీపం పెట్టుకుని చెరుకు దొంగతనానికొచ్చారనుకున్నాను. ‘గుడ్డి వెలుగుకే ఇంత జడుపేమిట్రా, కర్ర తీసుకుని పో’ అన్నాను. వాడు నా మొహం వంక చూసి, కర్ర తీసుకుని వెళ్ళాడు. దీపం మాట దేవుడెరుగు, లోపల ఎలుగుబంటి కాచుకుని ఉంది. బోధన్ ఆసుపత్రిలో రెండు రోజులు బతికాడు.”

“అందులో మీ తప్పేముందండీ?” అన్నాను.

“అదే నేనూ అంటున్నాను. ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పాను. అవును, వాడు గుడ్డెలుగన్నాడు, నేనే పొమ్మన్నాను అని పేటలో నిలబడి చెప్పాను. దాచిందేమీ లేదు. చెప్పినకొద్దీ నన్ను ఇంకా పురుగును చూసినట్టు చూస్తున్నారు.”

నాకు జాలేసింది. నిజం చెప్పినవాణ్ణి వెలివేసే మనుషులేమిటని ఆ పేటవాళ్ళ మీద కోపం కూడా వచ్చింది. రాత్రి పెరుగన్నం తిని, ఎలుగుబంటి బొమ్మను మాత్రం విడిగా తీసి పెట్టె అడుగున, కాగితాల కింద దాచాను. అది చూపించే చోటు ఇది కాదనుకున్నాను.

మర్నాడు పొద్దున బడి. ఒక పెంకుటి గది, ముందు వరండా. క్యాంపు పిల్లలు ముందే వచ్చి కూర్చున్నారు. పేట పిల్లలు గోడ దగ్గర నిలబడి, రమ్మంటే ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ మెల్లగా వచ్చారు. పెద్దలు నలుగురైదుగురు దూరంగా వేపచెట్టు కింద ఆగారు. పున్నయ్యగారు వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. మొసలి మీద పిట్టను చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. దుప్పి బొమ్మ చేతులు మారుతూ వేపచెట్టు కిందికి కూడా పోయింది. వదిన తలుపు చాటున నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. పథకం పారుతోందని నాకూ అనిపించింది.

ఇంకా ఏమున్నాయోనని పిల్లలు నన్నొదిలి నేరుగా పెట్టె మీద పడ్డారు. అడ్డుకునేలోపే అడుగునున్న అట్ట బయటికొచ్చింది.

“ఎలుగుబంటి!” అని క్యాంపు పిల్లలు అరిచారు.

“కాదు, గుడ్డెలుగు!” అని పేట పిల్లలు అంతకంటే గట్టిగా అరిచారు.

“ఎలుగుబంటే!”

“గుడ్డెలుగురా! గుడ్డెలుగు వీపు మీద పిల్లలు సూడు!” అని పేట పిల్ల ఒకతి అరిచింది.

నాకు అప్పటికీ వెలగలేదు. పున్నయ్యగారు లేచి నిలబడ్డారు. ఆ అరిచిన పిల్ల దగ్గరికి వెళ్ళి, బొమ్మ మీద వేలు పెట్టి, “దీన్నేమంటారమ్మా?” అని అడిగారు.

“గుడ్డెలుగు” అంది ఆ పిల్ల, ఇంత పెద్దాయనకు ఇది కూడా తెలియదా అన్నట్టు.

“మరి దీపం వెలుగు?”

“గది ఎలుగు. గిది గుడ్డెలుగు.”

పున్నయ్యగారు ఆ అట్టను తీసుకుని అక్కడే నేల మీద కూర్చున్నారు. వేపచెట్టు కింది పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళుగా ఆయన ఊరంతా తిరిగి ఒప్పుకున్నదేమిటో అప్పుడు నాకు అర్థమైంది. ఎలుగుబంటి ఉందని చెప్పిన మనిషిని, ఎలుగుబంటికే ఇంత జడుపేమిటని తిట్టి పంపాను అని ఆయన తన నోటితోనే చాటుకున్నారు.

మధ్యాహ్నం ఎవరూ అన్నం ముట్టలేదు. ఎండ వాలాక పున్నయ్యగారు, “తమ్ముడూ, నువ్వు కూడా రా. నాకు నోరు పెగలదు” అన్నారు. ఆ బొమ్మ తీసుకుని గంగారాం భార్య లింగవ్వ ఇంటికి వెళ్ళాం. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే చెప్పాను. కోస్తాలో దీన్ని ఎలుగుబంటి అంటారని, గుడ్డెలుగు అంటే పున్నయ్యగారు మసక దీపమనుకున్నారని, తెలిసి ఉంటే పంపేవారు కాదని. గుమాస్తాను కదా, నా మాటలు నాకే నోట్ ఫైల్ చదువుతున్నట్టు వినిపించాయి. పున్నయ్యగారు చేతులు కట్టుకుని నిలబడి, “తెలియక పంపానమ్మా. మా అమ్మ మీద ఒట్టు” అన్నారు.

లింగవ్వ బొమ్మ అందుకుని చాలాసేపు చూసింది.

“గిది గూడ పిల్లల తల్లేనా” అంది. బొమ్మ తిరిగి ఇచ్చేసింది. “ఎర్క లేకనే పంపినవ్ దొరా. నీ మొకం సూస్తే తెలుస్తున్నది. నేను నమ్ముత.”

పున్నయ్యగారికి ఏడుపు ఆగలేదు. ఆమె చింతపండు వైపు చూస్తూనే మాట్లాడింది.

“కని మా ఆయిన నమ్మి పోలే. దవాఖానల కడదాక గదే మాట. ‘గుడ్డెలుగని సెప్పిన లింగీ. అయిన దొర పొమ్మన్నడు. పానం పోయినా మంచిదే అనుకున్నడు’ అని. గా దెబ్బలకంటె గిదే ఎక్కువ ఏడ్చిండు. గిప్పుడు నాకు సెప్తిరి. ఆయినకెవలు సెప్పాలె?”

లింగవ్వ ఇంకో చింతపండు అందుకుంది. “రేపటి సంది కోతకొస్తం. మేం గూడ తినాలె గద” అంది.

మర్నాడు నేను తిరుగు బస్సు ఎక్కేటప్పటికి చెరుకులో కొడవళ్ళ చప్పుడు మొదలైంది. వదిన కోరుకున్నది జరిగింది. పున్నయ్యగారు మాత్రం నన్ను సాగనంపడానికి రాలేదు. బోధన్‌లో మడ్డి వాసన, నిజామాబాద్‌లో మళ్ళీ అదే హోటలు. హైదరాబాదు బండిలో ఎదుటి బల్ల మీద భార్యాభర్తలిద్దరు, వాళ్ళ చిన్న కూతురు. చూడగానే కృష్ణా జిల్లావాళ్ళని తెలిసిపోయింది. కొత్తగా వర్ని దగ్గర భూమి చూసి వస్తున్నారట. ఊరు బాగుందా అని నన్ను అడిగారు. కాలువ బాగుంది, నేల బాగుంది అన్నాను. అబద్ధం కాదు.

పాప పెట్టె తెరవమని మారాం చేసింది. తెరవకుండా ఉండలేకపోయాను. అది మొసలిని, దుప్పిని దాటేసి వీపు మీద పిల్లలున్న బొమ్మను పట్టుకుని కిలకిలా నవ్వింది.

“ఎలుగుబంటమ్మా” అని తండ్రి చెప్పాడు.

“ఇక్కడ దాన్ని గుడ్డెలుగంటారు” అన్నాను.

ఆయన మర్యాదకు చిరునవ్వు నవ్వి కిటికీ వైపు తిరిగాడు. నేను ఊరుకోలేదు. ఆయన మోకాలి మీద తట్టి మళ్ళీ చెప్పాను. ఒకసారి పలకమన్నాను. నాకు మతి చలించిందనుకుని ఉంటాడు. అయినా ఆ మాట ఆయన నోట వినేదాకా వదిలిపెట్టలేదు.