సైగాన్ స్కూటర్ మీద నుంచి వచ్చిన ప్రశ్న

దెయ్యాల అనుభవాలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపే. ఇప్పటికీ అంతే. అలాంటివాళ్ళని రెండు ప్రశ్నలు అడిగి చూడండి. టైమెంత, పక్కన ఎవరున్నారు అని. వెంటనే మొహం చిన్నబుచ్చుకుంటారు, లేదా మాట మార్చేస్తారు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇలాంటి కథలు పెట్టిన ఇద్దరిని ఇవే ప్రశ్నలు అడిగాను. ఇద్దరూ నాతో మాట్లాడటం మానేశారు. నాకు వచ్చిన నష్టమేమీ లేదు.

కాబట్టి నేను రాసేదాంట్లో టైములున్నాయి, సాక్షులున్నారు, రికార్డింగు కూడా ఉంది. నమ్మమని ఎవరినీ అడగడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ముందు మా బావగారి సంగతి చెప్పాలి. మా సుధక్క భర్త. హైడెల్‌బర్గ్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. నేను మ్యూనిక్‌లో ఉంటాను. మాది తణుకు, ఆయనది భీమవరం. ఏ వంటకం ముందు పెట్టినా "దీంట్లో పులుపు దేనిది?" అని అడగడం ఆయన అలవాటు. హోటల్లో సర్వర్‌ని అడిగేవారు. జర్మన్లు భోజనానికి పిలిస్తే ఆ ఇంటావిడని కూడా అడిగేవారు. అందరూ దాన్ని ముచ్చటగా చెప్పుకునేవారు. నాకు మాత్రం పోలీసు ఆరాలా ఉండేది.

కోవిడ్‌కి నాలుగేళ్ళ ముందు, ఉగాదికి, వాళ్ళింట్లో తెలుగువాళ్ళందరం కలిశాం. నేను పులిహోర చేసి పట్టుకెళ్ళాను. ఆసియా షాపులో చింతపండు కొని, ముందురోజు రాత్రే నానబెట్టి, చేత్తో పిసికి గుజ్జు తీసి, నూనె తేలేదాకా ఉడికించాను. మూడున్నర గంటల రైలు ప్రయాణం, గిన్నె ఒళ్ళోంచి దించలేదు. బావగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పద్దెనిమిది మంది ముందు అన్నారు:

"ఇది సీసా చింతపండు కదోయ్ బామ్మర్దీ! జర్మనీ వచ్చి సీసాల వంటోడివైపోయావా!"

అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది. సీసాది కాదని చెప్పాను. "సర్లేవోయ్" అని ఇంకో గరిటె వడ్డించుకున్నారు. అప్పటి నుంచి హైడెల్‌బర్గ్ తెలుగువాళ్ళందరికీ నేను సీసా బామ్మర్దిని. ఒకడి ఫోన్‌లో నా నంబరు ఆ పేరుతోనే ఉండటం కళ్ళారా చూశాను.

ఆ రోజు నుంచి నేను బావగారితో మాట్లాడలేదు. పండగలకి ఫోన్ చేసేవారు, ఎత్తలేదు. పుట్టినరోజుకి మెసేజ్ పెట్టేవారు, జవాబివ్వలేదు. పొరపాటుగా అన్నానని ఒక్కసారి అంటే సరిపోయేది. అనలేదు. ఇంత చిన్న విషయానికి ఇంత పంతమా అని నాకు నీతులు చెప్పినవాళ్ళున్నారు. అంత చిన్న విషయమే అయితే ఆ ఒక్క మాట అనడానికి ఆయనకేం బరువు? దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

2020 డిసెంబర్‌లో ఆయనకి కోవిడ్ వచ్చింది. వారం తిరక్కుండా వెంటిలేటర్ పెట్టారు. మత్తులో ఉంచారు. అక్కకీ పాజిటివే, ఇంట్లో క్వారంటైన్. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వడం లేదు. రోజుకొకసారి, పది నిమిషాల పాటు, నర్సు ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళు ఏదైనా మాట్లాడొచ్చు. ఆ పది నిమిషాలని అక్క జర్మన్ మాటలో టెర్మిన్ అనేది, అపాయింట్‌మెంట్ అని.

గురువారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఒరే గోపీ, రేపటి టెర్మిన్ నీకిచ్చేశాను. ఒంటిగంటన్నరకి నర్సు నీ నంబరుకే చేస్తుంది. ఒక్క మాట మాట్లాడరా."

"ఆయన వినిపించుకునే స్థితిలో ఉన్నారా?"

"డాక్టర్లు వింటారనే అంటున్నారు. మత్తు ఇవ్వబోయే ముందు కూడా నీ గురించే అడిగారు, వాడింకా కోపంగానే ఉన్నాడా అని."

"అంతేనా? తప్పయిందని చెప్పమన్నారా?"



"గొంతులో గొట్టం వేసున్న మనిషిరా ఆయన. ఎక్కువ రోజులు లేవంటున్నారు" అని పెట్టేసింది.

అదే శుక్రవారం, ఒంటిగంటకి, మా టీమ్ క్రిస్మస్ పార్టీ. లాక్‌డౌన్ కాబట్టి ఆన్‌లైన్‌లో. మా టీమ్ లీడ్ యెన్స్ దానికోసం సైగాన్ వీధి తిండి టూర్ ఒకటి మాట్లాడాడు. టూరిస్టులు లేక ఖాళీగా ఉన్న గైడ్ ఛాతీకి ఫోన్ కట్టుకుని స్కూటర్ నడుపుతుంది. బండి బండి దగ్గర ఆగి ఆమె తింటుంది. మనం మ్యూనిక్‌లో కూర్చుని ఆ రుచి ఊహించుకోవాలి. ఇంతకంటే అర్థం లేని వేడుక నేను చూడలేదు. ఇదే విషయం యెన్స్‌కి మూడు పేరాల ఈమెయిల్ రాశాను. స్మైలీ ఒకటి పెట్టి పంపాడు. మూడు పేరాలకి ఒక స్మైలీ!

పార్టీకని ఇంటింటికీ అట్టపెట్టె పంపారు. బియ్యప్పిండితో చేసిన పల్చటి రేకులు, వేరుశనగపప్పు పొట్లం, చేపల సాస్, మడత విప్పితే గుండ్రంగా అయ్యే కాగితం లాంతరు. ఆ లాంతరు వెలిగించి కెమెరా ముందు పెట్టుకోవాలట. పట్టపగలు.

నేను వెళ్ళకుండా ఉండొచ్చు. వెళ్ళాను. అక్కకి మెసేజ్ పెట్టాను, ఆ టైముకి నాకు ఆఫీసు మీటింగ్ ఉందని. అది అబద్ధం కాదు.

గైడ్ పేరు లిన్. ముప్పై ఏళ్ళుంటాయేమో. అక్కడ అప్పటికి రాత్రి ఏడు, వీధి నిండా లైట్లు, హారన్లు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఆమెకొక పద్ధతి ఉంది, అదే ఇక్కడ ముఖ్యం. ఆ గోలలో తను సరిగ్గా విన్నదో లేదో అని, మేము అడిగిన ప్రతి ప్రశ్ననీ ముందు తనే పైకి ఒకసారి చెప్పేది. తర్వాత జవాబిచ్చేది. మాటలన్నీ ఇంగ్లీషులోనే. "అట్టు పసుపుపచ్చగా ఎందుకుందని అడుగుతున్నారు. పసుపు వేస్తారు" అంది మొదటి బండి దగ్గర. అట్టులో పసుపు వేస్తారని తెలిసి మావాళ్ళు పదముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. పీహెచ్‌డీలు చేసినవాళ్ళున్నారు వాళ్ళలో.

ఒంటిగంటా ముప్పై ఒకటికి నా ఫోన్ మోగింది. హైడెల్‌బర్గ్ నంబరు. బోర్లా పెట్టాను. వైబ్రేషన్‌కి బల్ల మీద కాస్త జరిగి ఆగిపోయింది. ముప్పై మూడుకి మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగిపోయింది. ఆ రెండు మిస్డ్ కాల్స్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది.

లిన్ అప్పటికి నత్తల బండి దగ్గర ఆగింది. ఒక పెద్దావిడ ఇంత మూకుడులో నత్తలు వేయిస్తోంది. లిన్ చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"పులుపు దేనిదని అడుగుతున్నారు. చింతపండు" అంది.

ఆ ప్రశ్న మాలో ఎవరూ అడగలేదు. నేను పట్టించుకోలేదు. ఎవరో చాట్‌లో అడిగుంటారనుకున్నాను. చాట్‌లో ఏమీ లేదు.

"మళ్ళీ అడుగుతున్నారు, సీసాలోదా, నానబెట్టిందా అని." లిన్ నవ్వి, ఆ పెద్దావిడతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడి, బండి కింద ఉన్న గిన్నె వైపు వంగింది. గిన్నెలో చింతపండు నానుతోంది. "నానబెట్టిందేనండీ. చేత్తో పిసుకుతారు."

నాకు కలిగింది భయం కాదు, ఒళ్ళు మంట. టీమ్‌లో తెలుగు వచ్చినవాడు నేను కాకుండా ఇమ్రాన్ ఒక్కడే. హైదరాబాదు కుర్రాడు. వాడే నాటకమాడుతున్నాడనుకుని స్క్రీన్ మీద వాడి గడి వైపు చూశాను. వాడి మైకు ఆఫ్‌లో ఉంది. నోటినిండా బియ్యప్పిండి రేకు. పైగా ఉగాది గొడవ నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

"ఎవరు అడుగుతున్నది? కెమెరా పెట్టండి" అన్నాడు యెన్స్. ఎవరూ పలకలేదు. "మెల్లగా మాట్లాడుతున్నారే, ఆయన" అంది లిన్, మాకందరికీ తెలుసన్నట్టు. స్కూటర్ కదిలింది. కాలవ మీద వంతెన దాటింది. తొమ్మిది నిమిషాలు ఏమీ లేదు.

ఒంటిగంటా నలభై నాలుగుకి సిగ్నల్ దగ్గర ఆగింది. చుట్టూ వంద స్కూటర్లుంటాయి. సిగ్నల్ మీద ఎర్రటి అంకెలు తగ్గుతున్నాయి.

"ఆయన అడుగుతున్నారు," అంది లిన్. "భార్య తమ్ముడు తిన్నాడా అని. మీలో ఎవరైనా ఆయన భార్య తమ్ముడా?"

మావాళ్ళు పగలబడి నవ్వారు. ఇదీ టూర్‌లో భాగమే అనుకున్నారు. ఒకావిడ లాంతరు ఊపింది.

"నిజంగానే అడుగుతున్నారు. జవాబు కోసం ఆగారు" అంది లిన్. గొంతులో ఎగతాళి లేదు.

నేనేమీ ఆలోచించుకోలేదు. ఆలోచించి ఉంటే నోరు విప్పేవాడిని కాను. మైక్ ఆన్ చేసి, లాంతర్లు పెట్టుకు కూర్చున్న పదముగ్గురి ముందు, తెలుగులో చెప్పాను.

"తిన్నాను బావగారూ."

సిగ్నల్ మీద అంకె పదకొండు. రికార్డింగులో కూడా పదకొండే.

"ఆయన విన్నారు" అంది లిన్. పచ్చలైటు పడింది. చెరుకురసం బండి, ఇంకేదో సూపు, ఇంకో అరగంట టూర్ నడిచింది. మళ్ళీ ఆ మనిషి ఏమీ అడగలేదు.

టూర్ అయిన వెంటనే ఇమ్రాన్ మెసేజ్ పెట్టాడు. "భాయ్, బావ ఎవరు? నాకైతే ఎవరి గొంతూ వినపడలే. ఆమె ఎవరితోని మాట్లాడింది?"

నేను ఊరుకునే రకం కాదు. యెన్స్ దగ్గర రికార్డింగు తీసుకుని ఆరుసార్లు విన్నాను. లిన్ ఆ మూడు ప్రశ్నలూ చెప్పేముందు హారన్లు తప్ప ఏమీ లేదు. మా ఐటీ వాళ్ళకి ఫిర్యాదు పెట్టాను, బయటివాళ్ళు మీటింగ్‌లోకి చొరబడ్డారని. మేము పద్నాలుగు మంది, గైడ్, అంతే ఉన్నారని, ఫోన్ ద్వారా ఎవరూ కలవలేదని రాసిచ్చారు. వారం తర్వాత టూర్ వాళ్ళకి ఇంకా ఘాటుగా రాశాను. లిన్ స్వయంగా జవాబిచ్చింది. మిగతా అందరి గొంతులూ వచ్చినట్టే ఆయన గొంతూ చెవిలోకి వచ్చిందని, పెద్దాయన గొంతని, నోరు ఎండిపోయినట్టు మాట్లాడారని. చాలా మంచి ప్రశ్నలు అడిగారట. ఆయనకి తన ధన్యవాదాలు చెప్పమంది. ఆసుపత్రికి కూడా ఫోన్ చేశాను. రెండుసార్లు చేసినా నేను ఎత్తలేదని, అందుకని ఆ రోజు ఆయన చెవి దగ్గర ఫోన్ పెట్టనే లేదని నర్సు చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆయన పరిస్థితిలో కూడా ఏ మార్పూ లేదంది.

సీసా సంగతి తెలిసినవాళ్ళకి టూర్ సంగతి తెలియదు. టూర్‌లో ఉన్నవాళ్ళకి సీసా సంగతి తెలియదు. రెండూ తెలిసినవాడిని నేనొక్కడినే, అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు. ఇంతకు మించి నాకు దారి దొరకలేదు.

బావగారు ఆ ఆదివారమే తెల్లవారుజామున పోయారు.

అంత్యక్రియలు కూడా స్క్రీన్ మీదే చూశాం. పదకొండో రోజు దాటాక అక్కకి నేనే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే అంది:

"రెండుసార్లు మోగినా ఎత్తలేదటగా. పోయేముందు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. నీ పంతం నెగ్గింది కదరా."

జీవితంలో నా మీద పడిన అన్యాయపు మాటలన్నిటికీ నేను జవాబు చెప్పాను, రాతపూర్వకంగా కూడా. దీనికి చెప్పలేకపోయాను. చెబితే అక్క వెంటనే నమ్మేస్తుంది. ఆయన ఫోటో ముందు కూర్చుని ఏడుస్తుంది, హైడెల్‌బర్గ్ అంతా చెబుతుంది, జనం నా దగ్గరికొచ్చి ఇంకా ఏం కనిపించిందని అడుగుతారు. నేను చీదరించుకున్న ఆ మందలో నేనూ ఒకణ్ణవుతాను. అందుకని ఊరుకున్నాను. అక్క మళ్ళీ నాతో మాట్లాడలేదు.

మొత్తం ఇమ్రాన్ ఒక్కడికే చెప్పాను. "సీసాదా నానబెట్టిందా అని అడిగిండంటే, అదే మాఫీ అడుగుడు భాయ్. ఇంకెట్ల అడుగుతరు పెద్దోళ్ళు?" అన్నాడు. నాకలా అనిపించలేదు. అడగడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆయన ఒప్పుకోలేదు, నేను మర్చిపోలేదు.

దెయ్యాలున్నాయని నేను ఇప్పుడూ అనను. ఆ శుక్రవారం లిన్ చెవిలో మాట్లాడింది ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవడానికి చేయగలిగినవన్నీ చేశాను.

ఈ పత్రిక అక్క చదువుతుందని తెలిసే రాస్తున్నాను. అక్కా, నేను ఫోన్ ఎత్తని మాట నిజం. కానీ ఆయన అడిగారు, నేను జవాబు చెప్పాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదని మాత్రం ఇంకెప్పుడూ అనకు.