డ్యూటీ దిగడం

ఇందాక ఆఫీసు మీటింగు ముగించి మా ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టినప్పుడు, ఆయన జుట్టులో ఈ చెవి నుంచి ఆ చెవి దాకా అడ్డంగా ఒక నొక్కు కనిపించింది. వేళ్లతో రెండుసార్లు దువ్వుకోగానే పోయింది. సులోచన ఆంటీ తల మీది నొక్కు మాత్రం ఎంత నూనె పెట్టి దువ్వినా పోయేది కాదు. నెరిసిన జుట్టులో, పాపిడిని అడ్డంగా కోస్తూ అలాగే ఉండిపోయింది. ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఏళ్ల తరబడి ఇనుప పట్టీ ఉన్న హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న గుర్తు అది. ఇంకో ఊరికి ఫోన్ చేయాలంటే ముందు ఆపరేటరుకు చెప్పి, ఆమె లైను కలిపేదాకా కాచుకుని కూర్చునే కాలం ఒకటి ఉండేది. అలా కలిపే ఆపరేటర్లలో ఆమె ఒకరు. ఈ వేళకు నేను నిద్రపోతూ ఉండాలి. నిన్న రాత్రి మరీ బాగా నిద్రపోయినందువల్ల ఈ రాత్రి పట్టడం లేదు. ఆ సంగతి దగ్గరికి వస్తాను.

చిక్కడపల్లిలో మేం కిరాయికి ఉంటున్న ఫ్లాటుకు ఎదురు తలుపు అప్పట్లో ఆమెది. మా పాప నెలలు నిండకుండానే పుట్టింది. మొదటి వారాలు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. పాప ఊపిరిని ఒక యంత్రం కనిపెట్టుకుని ఉండేది, కొంచెం తడబడినా కూత పెట్టేది. ఇంటికి పంపేటప్పుడు ఇక భయం లేదన్నారు. పాపను ఇచ్చారు, యంత్రాన్ని ఇవ్వలేదు. దాని చోట నేను కూర్చున్నాను. రాత్రుళ్లు పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం, వెల్లకిలా పడుకుని చీకట్లో ఆ చిన్న శ్వాసను వినడం, మధ్యలో అది వినపడకపోతే లేచి లైటు వేయడం. కొన్నాళ్లకు తలనొప్పి మొదలైంది. లేచేసరికే ఉండేది, కణతల దగ్గర మొదలై మెడ వెనక్కి పాకేది. కళ్లజోడు వల్ల అన్నాను, తడిజుట్టు వల్ల అన్నాను, ఎదురుగా ఉన్న హాస్టల్లో తెల్లవార్లూ వెలిగే లైటు వల్ల అన్నాను. అమ్మ ఫోన్లో శొంఠి పట్టు వేసుకోమంది. కళ్లజోడు మార్పించాను. మాత్ర మింగితే మధ్యాహ్నం దాకా ఊరట, తర్వాత ఇంకొకటి. లోపల మాత్రం తలలో ఏదో గడ్డ పెరుగుతోందని నమ్మేశాను. నేను పోతే పాప ఊపిరి ఎవరు చూస్తారు? ఆ ఆలోచనతో ఇంకాస్త మేలుకునేదాన్ని.

ఒకరోజు తలకు చున్నీ బిగించుకుని చెత్తబుట్ట బయట పెడుతుంటే ఆంటీ తన గుమ్మంలో నిలబడి చూసింది. “ఏందమ్మా, బిడ్డను సాకుతున్నవా, బ్యాంకుకు కావలి ఉంటున్నవా?” అంది. నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే పాపను మా ఆయనకు అప్పగించి, నన్ను నారాయణగూడలో తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయింది. ఆయన వాంతులు, చూపు, మెడ గురించి అడిగి, నిద్ర ఎలా పడుతుందని అడిగాడు. బాగానే పడుతుందన్నాను. రాత్రంతా మంచం మీదే ఉంటాను కదా, దాన్నే నిద్ర అనుకున్నాను. పక్క కుర్చీలోంచి ఆంటీ అడ్డం వచ్చింది. “పండుకుంటది డాక్టర్ గారు, నిద్రపోదు. అర్ధరాత్రి ఇంట్ల తిరిగేది నాకు ఇనవడ్తది.” మరి ఆ వేళకు మీరెందుకు మేలుకున్నారని ఆయన అడిగితే, ఆమె ఫ్యాను వైపు చూసింది. నిద్ర తెగితే తల నొస్తుందని, తల నొస్తే నిద్ర తెగుతుందని, రోజూ మింగే మాత్రలు కూడా కొన్నాళ్లకు తామే నొప్పి తెస్తాయని చెప్పాడాయన. వాంతులైనా, చూపు మసకబారినా వెంటనే రమ్మన్నాడు. ముందు కొన్ని గంటలు తెగని నిద్ర కావాలన్నాడు. అది ఏ మందుల షాపులో దొరుకుతుందో చెప్పలేదు.

తిరిగి వస్తూ అశోక్ నగర్ మీదుగా నడిచాం, అక్కడి మిర్చీబజ్జీ ఆమెకు ఇష్టం. చాయ్ బండి చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఒక చేతిలో గ్లాసు, రెండో చేత్తో కణత నొక్కుకుంటూ. “గీ గల్లీల సగం తలలు నొస్తనే ఉంటయి,” అంది ఆంటీ. బజ్జీ తింటూ తన తలనొప్పి కథ చెప్పింది. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లందరికీ తలనొప్పేనట. హెడ్‌సెట్ పట్టీదే తప్పని అందరూ నమ్మారు. దానికి గుడ్డ చుట్టారు, వదులు చేశారు, చివరికి అధికారులతో కొట్లాడి తేలికైన కొత్త హెడ్‌సెట్లు తెప్పించుకుని లడ్డూలు పంచుకున్నారు. లడ్డూలు అరగకముందే నొప్పి తిరిగొచ్చింది. రజియా అనే ఒక్కామెకు మాత్రం ఎప్పుడూ లేదు. రాత్రి డ్యూటీలో సగంమంది లైన్లు కలిపే బోర్డు ముందుంటే సగంమంది విశ్రాంతి గదిలో ఉండేవారు. ఆ విశ్రాంతిలో వీళ్లు తెల్లారి కూరకు చిక్కుడుకాయలు ఒలిచేవారు, స్వెట్టర్లు అల్లేవారు, ఒక చెవి హాలు వైపే ఉంచేవారు. రజియా మిగిలిపోయిన కాల్స్ అన్నీ తన చోటికి వచ్చినామెకు చెప్పి, ఆమె నోటితో “తీసుకున్న” అనేదాకా ఆగి, అప్పుడు హెడ్‌సెట్ తీసేది. తీసిందంటే నిద్రే. “మేము పట్టీని తిట్టినం బిడ్డా,” అంది ఆంటీ. “పట్టీ తీసినంక గూడ ఇనుడు బంద్ చెయ్యలే.”

మర్నాడు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చి ఉయ్యాల పక్కన కూర్చుంది. నేనున్నా, పోయి పడుకో అంది. లోపలి గదిలో పడుకున్నాను. కాసేపటికి పాప చొక్కా మార్చారా అని అడగడానికి లేచొచ్చాను. మళ్లీ పోయి, కిటికీ వేయండని చెప్పడానికి వచ్చాను. ఆమె విసుక్కోలేదు. తప్పు తనదేనంది. అందరూ “నేనున్న” అంటారు, అది డ్యూటీ తీసుకోవడం కాదట. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పెండింగ్ ఏముందో చెప్పమంది. పాలు తాగిందని, త్రేన్పు సరిగా రాలేదని, కుడి పక్కకు తిప్పితే ఏడుస్తుందని, లేస్తే ఆకలికే లేస్తుందని చెప్పాను. చెబుతూ చెబుతూ, ఎవరికీ చెప్పనిది కూడా చెప్పేశాను. నేను నిద్రపోయిన క్షణంలోనే పాప ఊపిరి ఆగిపోతుందని నా భయం. ఆమె అలాంటివేం జరగవనలేదు. కుర్చీ ఉయ్యాలకు దగ్గరగా జరుపుకుంది. “ఊపిరి చూసుడు గూడ తీసుకున్న. ఇగ దిగు.”

లేచేసరికి గదిలో చీకటి పడింది. ఒక్క నిద్రకే నొప్పి పోలేదు. కానీ రోజూ ఆ అప్పగింత జరుగుతూ ఉంటే, కొన్ని వారాలకు నొప్పి లేని ఉదయాలు రావడం మొదలైంది. మాత్రలు తగ్గాయి. మా ఆయనకు కూడా ఆమే నేర్పింది. రాత్రి మొదటి సగం ఆయనది, రెండో సగం నాది. ఒకసారి ధైర్యం చేసి, ఆంటీ, మీ పెండింగ్ నాకు చెప్పి మీరూ ఓ కునుకు తీయండి అన్నాను. మంచాన పడ్డ భర్త దగ్గును ఆమె ఏళ్ల పాటు రాత్రుళ్లు వింటూ గడిపిందని, ఆయన పోయాక కూడా ఆ వేళలకే మెలకువ వస్తుందని అప్పటికి నాకు తెలుసు. ఆమె నవ్వింది. “నా తాన ఏం పెండింగ్ లేదు బిడ్డా. గదే లొల్లి.” పోయిన ఎండాకాలంలో తన ఫ్లాటు అమ్మేసి బర్కత్‌పురలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

నిన్న రాత్రి, మా ఆయన వంతులో, పాప చాలాసేపు ఏడ్చిందట. పొద్దున పళ్లు తోముకుంటూ మామూలుగా చెప్పాడు. నేను వినలేదు. పక్క గదిలోనే ఉన్నాను, వినలేదు. రోజంతా ఉయ్యాల చుట్టూనే తిరిగాను. చివరికి ఆంటీకి ఫోన్ చేశాను. నిజంగా ఏదైనా జరిగిన రోజు కూడా ఇలాగే నిద్రపోతానేమోనన్నాను.

“ఆయన ఇన్నడు గద?”

“విన్నాడు.”

“అయితె బోర్డు మీద మనిషి ఉన్నట్టే గద.” ఆ వెంటనే అడిగింది: “పొద్దుగాల తల నొచ్చిందా?”

ప్రతి ఉదయం కళ్లు తెరవకముందే కణతలు తడిమి చూసుకునే నేను, ఈ ఉదయం చూసుకోవడమే మరిచిపోయాను.

ఆమె నాకు నిర్భయం నేర్పలేదు, అది ఆమె దగ్గరా లేదు. ఈ వేళకు బర్కత్‌పురలో ఆమె కూడా మేలుకునే ఉంటుంది. భయాన్ని కూడా పాలసీసాలాగా ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చునని, ఇచ్చేముందు నోరు తెరిచి చెప్పాలని మాత్రం నేర్పింది. అది రోజూ కొత్తగా చేయాల్సి వస్తోంది. ఇప్పుడే ఆ గదిలో పాప దగ్గింది. ఆయన కుర్చీ కదిలిన చప్పుడు, ఏదో గొణుగుడు, తర్వాత ఏమీ లేదు. నా కాళ్లు అప్పటికే లేచి నిలబడ్డాయి. వాటిని మళ్లీ కూర్చోబెట్టాను.