ఇస్రాయేలు మేస్త్రి కట్టిన కోట

పొద్దున్నే కొత్తకోటలో మేం కడుతున్న ఫంక్షన్ హాలు దగ్గరికి వెళ్లేసరికి, కొత్త స్లాబు మీద పరిచిన గోనెసంచులకు కూలీలు నీళ్లు పడుతున్నారు. తడిసిన గోనె, పచ్చి సిమెంటు కలిసిన ఆ వాసన తగలగానే టీ గ్లాసు చేతిలో ఉండగానే నిలబడిపోయాను. ఆ వాసనను నేను మొదట ఎరిగింది ఇరవై రెండేళ్ల వయసులో, చిట్యాల దాటాక హైవే పక్కన కడుతున్న ఒక వినోదాల పార్కులో. అక్కడ నాకు పని నేర్పినవాడు ఇస్రాయేలు మేస్త్రి. ఇవాళ నలుగురు నన్ను ఇంజనీరమ్మా అని పిలుస్తున్నారంటే అందులో కాలేజీ పాలు తక్కువ, ఆయన పాలు ఎక్కువ.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. పార్కు యజమాని విదేశంలో ఎక్కడో చూసిన కోట ఫోటో తెచ్చి ఆఫీసు గోడకు అంటించాడు. నీలం శిఖరాల బురుజులు, కమాను దర్వాజ, పైన సన్నటి కిటికీలు. అలాంటిదే పార్కు నడిమధ్య కావాలన్నాడు. హైదరాబాదు ఆర్కిటెక్టు ప్లాను గీసి పంపాడు. నేను నల్లగొండలో డిప్లొమా ముగించి సైటు సూపర్‌వైజరుగా చేరాను. మేస్త్రికి అప్పటికే అరవై దాటాయి. నార్కట్‌పల్లి దగ్గరి పల్లె ఆయనది. చుట్టుపక్కల ఊళ్లలో చర్చి గోపురాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు, అందుకే ఆయన్ను పిలిపించారు.

మొదటి రోజు ప్లాను చాలాసేపు చూసి, "బిడ్డా, గీ కోటల ఎవలుంటరు?" అని అడిగాడు.

"ఎవ్వరుండరు మేస్త్రీ. పిల్లలొచ్చి చూసి, ఫోటోలు దిగి పోతరు. కథలల్ల రాజకుమారి ఉండే కోట లెక్క కనవడాలెనంట."

ఆయన ప్లాను మడిచాడు. "నాకెరుకైన కోట ఒక్కటే, మా ఊరి దొర గడీ. మా నాయిన అండ్ల ఎట్టిచాకిరి చేసిండు. గోడలకు సున్నం ఆయనే ఏసిండు గని, ముందటి దర్వాజల నుంచి ఒక్కనాడు లోపలికి పోలే." ఆ మాటలో కోపం లేదు. ఇసుక ఎంత, సిమెంటు ఎంత అని చెప్పినట్టే చెప్పాడు.

కోట నిజానికి యాభై అడుగులే. చూసేవాళ్లకు మాత్రం వంద అడుగులు అనిపించాలి. పై కిటికీలు కింది వాటి సైజులో సగం కూడా లేవు. నేను అది గీతల్లో తప్పనుకున్నాను. మేస్త్రి నవ్వి నన్ను దూరంగా ఎర్రమట్టి దిబ్బ దాకా తీసుకుపోయాడు. "చర్చి గోపురానికి గూడ గిదే చేస్తం. కింద రాయి పెద్దగ, పైకి పోయినకొద్ది చిన్నగ. ఇగ కన్ను ఎత్తనుకుంటది." గోడలన్నీ ఇటుకలే. పచ్చి పూత మీద తాపీ మొనతో గీతలు గీసి వాటిని రాళ్లుగా మార్చేవాడు. అడుగున మూరెడు రాయి, శిఖరం దగ్గర అరచేయంత. రోజూ పని దిగేముందు నన్ను ఆ దిబ్బ మీదికి తరిమేవాడు. "పోయి చూసిరా. కట్టెటోనికి గోడ కనవడది, చూసెటోనికే కనవడతది." మేస్త్రీ అని మొదలుపెట్టినదాన్ని, నెల తిరక్కముందే పెదనాన్నను పిలిచినట్టు పెద్దబాపూ అనసాగాను.

ప్లానులో దర్వాజకు మెట్లు, ఎత్తయిన గడప ఉన్నాయి. ఆయనకు అది నచ్చలేదు. "గడీకే గట్ల కడప ఎత్తుంటది, దాటాల్నంటె భయమైతది. దీనికి వద్దు బిడ్డా. నడిచొస్తె నడిచొచ్చినట్టే లోపలికి పోవాలె." నేను ఆ రాత్రే కొత్తగా గీసి, మర్నాడు ఆర్కిటెక్టుకు ఫోను చేశాను. చిన్న పిల్లలు తట్టుకుని పడతారని, చక్రాల కుర్చీలో వచ్చే ముసలివాళ్లకు కష్టమని వాదించాను. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. మేస్త్రి మెచ్చుకోలేదు. "రేపటి సంది అన్నిటికి నన్ను అడగకు. నీకు తోచింది గియ్యి" అన్నాడు.

ప్రారంభం దగ్గరపడ్డాక తొందర పెరిగింది. ఎండిన గోడల మీద ఆ రాళ్ల గీతలను కటింగ్ మిషన్‌తో కోయాల్సి వచ్చింది. దుమ్ములో మనిషి కనిపించేవాడు కాదు. మూతికి తువ్వాలు చుట్టుకుని ఆయన పొద్దంతా అందులోనే ఉండేవాడు. మాస్కులు కావాలని ఆఫీసులో రెండుసార్లు అడిగాను. రేపన్నారు. మూడోసారి అడగలేదు. ఆయనకు దగ్గు అప్పుడే మొదలైంది.

ప్రారంభం రోజు పెద్ద మనుషులంతా వచ్చారు. నేను కొత్త చీర కట్టుకుని యజమాని పక్కన నిలబడ్డాను. కోట ఎలా కట్టామో అతిథులకు చెప్పే పని నాది. మాటల మధ్యలో గేటు వైపు చూశాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో మేస్త్రి, పక్కన ఆయన భార్య మరియమ్మ. ఆయన కట్టిన ప్రతి గోపురానికీ ఆమె ఇటుకలు మోసింది. మోకాళ్లు పోయి దీనికి మాత్రం రాలేకపోయింది. ఆమెకు చూపించాలని తీసుకొచ్చాడు. వాచ్‌మన్ పాసు అడుగుతున్నాడు. మేస్త్రి కోట వైపు చెయ్యి చూపి ఏదో చెప్పాడు. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

నేను వెళ్లాలి. అంతే. యజమాని ఏమనుకుంటాడోనని ఒక్క నిమిషం ఆగాను. ఎవరో ఏదో అడిగారు, జవాబిచ్చాను. మళ్లీ చూసేసరికి వాళ్లిద్దరూ హైవే అంచున ఆటో కోసం నిలబడి ఉన్నారు.

ఏడాది తర్వాత నల్లగొండ దవాఖానలో ఆయన్ను చూశాను. ముక్కుకు గాలి గొట్టం. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని డాక్టరు చెప్పాడు.

"పెద్దబాపూ, ఆ దినం గేటుకాడ నిన్ను చూసిన. రాలే" అన్నాను.

"ఎరుకే బిడ్డా. నేను గూడ నిన్ను చూసిన."

ఫరవాలేదు అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. కాసేపు దగ్గి, "పెద్ద బురుజు మీద వాన నీళ్లు నిలుస్తున్నయా?" అని అడిగాడు. లేదన్నాను. కళ్లు మూసుకుని పడుకున్నాడు.

ఆ ఏడు వానలు పడకముందే పోయాడు. సమాధి చేసి వచ్చాక, కోటకు తీసుకుపోతానని మరియమ్మతో అన్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. "ఆయిన లేంది నాకెందుకమ్మా? లోపలికి రానియ్యకున్నా బాధ లేకుండె. నువ్వు ఒక్కసారి మా దిక్కు చెయ్యెత్తితె సాలుండె."

కరోనాలో పార్కు మూతపడి, మళ్లీ తెరుచుకోలేదు. తర్వాత ఆ భూమి ప్లాట్లయింది. కోటను కూల్చేస్తున్నారని తెలిసి నేను వెళ్లేసరికి ఇటుకల కుప్ప మిగిలింది. "మస్తు గట్టిగున్నది మేడం, మూడు దినాలు పట్టింది" అన్నాడు జేసీబీ డ్రైవరు. ఆ మాట వినాల్సిన మనిషి లేడు.

ఇప్పుడు ఏ కట్టడం అప్పగించే రోజైనా, రిబ్బను కత్తిరించకముందే నేను గేటు బయటికి పోతాను. మేస్త్రినీ కూలీలనూ వాళ్ల ఇంటివాళ్లనూ ముందటి దర్వాజ నుంచే లోపలికి తీసుకొస్తాను. కొందరు యజమానులు మొహం చిట్లిస్తారు. ఒకాయన నాకు మళ్లీ పని ఇవ్వలేదు. దీన్ని చూసి మంచిదాన్నని ఎవరైనా అంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఎంతమందిని లోపలికి తెచ్చినా ఆ ఇద్దరూ అక్కడే, హైవే అంచున, ఆటో కోసం చూస్తూ ఉంటారు.