మేకులు లేని పెట్టె

మా చర్చి సంఘంలో నిలబడి ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. మా మేస్త్రి పోయినప్పటి నుంచీ, ఇన్నేళ్లుగా, దీన్ని మోస్తూనే ఉన్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది చిక్కడపల్లిలో వడ్రంగి పని. పని నేర్పింది మా మేస్త్రి. ప్రభువు దగ్గరికి నడిపించిందీ ఆయనే. సంఘంలో ఎవరు పోయినా శవపెట్టె ఆయనే చేసేవాడు. పలకల అంచులు ఒకదానిలో ఒకటి దిగేలా ఉలితో చెక్కి, కర్ర చీలలతో బిగించేవాడు. ఇనుము తగలనిచ్చేవాడు కాదు. నేను మాత్రం కోత మిషను, మేకులు కొట్టే గన్ను కొన్నాను. అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్లలో ప్లైవుడ్ కిచెన్లు చేస్తూ ఉలి పక్కన పెట్టేశాను.

మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిచాడు.

"నా పెట్టె నువ్వే చెయ్యాలె బిడ్డ. ఒక్క మేకు గూడ వడొద్దు."

"గన్ను ఉంది గద ఉస్తాద్. టక టక కొడితే బీడీ తాగేలోపు అయితది" అన్నాను, ఆయన్ని నవ్వించాలని.

"నీ గన్ను కిచెన్లకు పెట్టుకో. మేకులు నా ప్రభువుకు కొట్టిండ్రు. నాకెందుకురా గవి? మాటియ్యి."

ఆయన చేతిలో చెయ్యి వేశాను. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. ఆ మాట ఆయన పాస్టర్‌గారికీ చెప్పుకున్నాడు.

వానల్లో పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి పెట్టె కావాలి. ఆయన దాచుకున్న టేకు పలకలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి మూలే చీలింది. రెండోది వదులుగా వచ్చింది. నా చేతిలోంచి పని పోయిందని అప్పుడు తెలిసింది. గాంధీనగర్‌లో ఆయన ఇంకో శిష్యుడున్నాడు. ఇప్పటికీ ఉలి పనే. కబురు పెడితే పరుగున వచ్చేవాడు. ఎందుకు పెట్టలేదు? సిగ్గు. అంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు. షట్టర్ దించి, అంచులు మిషను మీద కోసి, గన్నుతో బిగించాను. అడుగు పలక బరువుకు ఆగదేమోనని భయమేసి, పెద్ద మేకులు సుత్తితో దించాను. ఆ తలలు కనపడకుండా కర్ర బిళ్లలు అతికించి, చీలల్లా ఉండేదాకా రుద్దాను.

నారాయణగూడలోని సమాధుల తోటలో పాస్టర్‌గారు ఆ బిళ్లలు చూపించి, ఈ పెట్టెకు ఇనుము తగల్లేదు, శిష్యుడు మాట నిలుపుకున్నాడు అని చెప్పారు. మేస్త్రి భార్య సువార్తమ్మ వాటిని వేలితో తడిమి, నా తల నిమిరింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. కొట్టిన మేకుల కంటే ఆ ఆమెన్ నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఇంకో భయం ఉంది. ఆ తోటలో కొత్త జాగా లేదు. భర్త గుంతనే తవ్వి భార్యను దించుతారు. ఈ ఏడాది తెలంగాణ వచ్చిందని ఊరంతా పండుగ చేసుకుంటే, సువార్తమ్మ గుమ్మం దాటలేకపోయింది. ఒంట్లో బాగుండటం లేదు. ఆమె పోయిన రోజు అక్కడ పలుగు పడుతుంది. కర్ర చివికిపోయి ఉంటుంది. మేకులు ఉంటాయి. తుప్పు పట్టి, మట్టిలోంచి ఒక్కొక్కటే పైకి వస్తాయి, ఆమె కొడుకుల ముందు, గాంధీనగర్ శిష్యుడి ముందు. పలుగు ఇనుముకు తగిలే ఆ చప్పుడు నాకు ప్రసంగం మధ్యలో కూడా వినిపిస్తుంది.

అందుకే ఆమె ఆయుష్షు కోసం ప్రతి వారం మోకరిస్తాను. కన్నీళ్లు వస్తాయి. కన్నకొడుకులు కూడా ఇంతగా ఏడవరని సంఘంలో అంటారు. అది ప్రేమేనా? లేక ఆ గుంత తెరుచుకోకూడదనా? దేవుడికి తెలుసని తెలిసీ ఇంకా మనుషులకే భయపడుతున్నవాడి విశ్వాసం ఏపాటిది? ఆమె ముందు నోరు విప్పాలని వెళ్తాను. చాయ్ ఇస్తుంది. తాగి వచ్చేస్తాను.

మీతో చెప్పినంత మాత్రాన పాపం పోదు. దాన్ని తీసేయగలిగినవాడు వేరే. అయినా ఇది రాశాక ఊపిరి కాస్త లోపలికి దిగింది. ఈ ఆదివారం ఆమె కోసం ప్రార్థన మళ్లీ నన్నే చేయమంటారు. చేస్తాను. ఎందుకు చేస్తున్నానో ఈసారి మీకూ తెలుసు.