గౌరయ్య పంతులు పాస్ చెయ్యడు

గౌరయ్య పంతులు తన జన్మలో ఎవర్నీ పాస్ చెయ్యలేదు. బడి పిల్లల సంగతి ఒక్కటే కాదు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బొగ్గుతో నడిచే బస్సును ఎక్కిన ప్రతిసారీ ఫేల్ చేశాడు. పెండ్లి బంతిలో కూర్చుని పప్పుచారు ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "నూటికి ఇరవై రెండు. ఫేల్" అనేవాడు. ఆలస్యంగా వచ్చిన వానను చూరు కింద నిలబడి ఫేల్ చేశాడు. మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు నాడి పట్టుకుంటే, పట్టే తీరు బాగాలేదని డాక్టర్ను ఫేల్ చేసి, ఆ డాక్టరిచ్చిన మందే తాగి, జ్వరం తగ్గించుకుని వచ్చాడు.

ఈ సంగతి ఎర్రకుంటపల్లిలో అందరికన్నా బాగా తెలిసినవాడు గొల్లల లింగన్న. 1947 ఎండాకాలం నాటికి అతను నాలుగో తరగతిలో ఆరో ఏడు కూర్చుని ఉన్నాడు. వయసు పందొమ్మిది.

నిజాం సర్కారు వారి ఆ బడిలో ఉన్నవే నాలుగు తరగతులు. గురువంటే దీపమనీ, బడంటే గుడి అనీ ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ బడిని చూసి ఉండరు. దీపం మాట అటుంచండి, కప్పే సగం లేదు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, బడిలో ఉర్దూ చదివేవాళ్లు, సాయంత్రం గొర్లతో మూడో భాష మాట్లాడేవాళ్లు. వాటిలో ఎదుటివాళ్లకు బాగా అర్థమయ్యేది మూడోదే. సర్కారు దృష్టిలో మాత్రం రిజిస్టర్లో ముప్పై పేర్లుంటే బడి ఉన్నట్టు. పేర్లు తగ్గితే బడి లేనట్టు.

నాలుగో తరగతి పదకొండు మంది. అందరికీ మీసాలున్నాయి. మల్సూర్‌కు పెండ్లయి కొడుకు కూడా పుట్టాడు. ఆ పసివాడు తండ్రి పలక మీద పాకుతూ ఎక్కాలు వింటుండేవాడు. పదకొండు మందీ ఒక్కసారి కాళ్లు చాపితే ఒకటో తరగతి పిల్లలు లేచి బయట కూర్చోవాల్సి వచ్చేది.

ఫేల్ చెయ్యడానికి పంతులుకు కారణాలు కరువు కావు. మొదటి ఏడు లింగన్న లెక్క తప్పు చేశాడు, ఫేలయ్యాడు. న్యాయమే. రెండో ఏడు లెక్క సరిగ్గా చేశాడు.

"జవాబు బరాబరే గాని, చేసేటప్పుడు ఆవులించినవ్. ఫేల్."

మూడో ఏడు ఆవులించలేదు. "నోరు బిగవట్టినవ్. సదువంటే గంత కోపమా? ఫేల్." నాలుగో ఏడు అన్నిటికీ సరిగ్గా చెప్పాడు. "అన్నీ వచ్చినయంటే బట్టీ పట్టినవన్నట్టు. ఫేల్." ఐదో ఏడు పంతులు ప్రశ్నే అడగలేదు. ఎగాదిగా చూసి, "ఈయేడు నీ మొకంల పాస్ కళ లేదురా" అన్నాడు.

లింగన్న తల్లి సోమమ్మ ఓర్పు నశించి, పోయినేడులాగే ఒకరోజు బడి ముందుకొచ్చి కొంగు బిగించింది. "నా కొడుకు బర్రెంత అయిండు పంతులూ! ఇంకెన్నేండ్లు నీ మోచేతి కింద కూసుంటడు? నీ పలక పగల, నీ బెత్తం ఇరగ!"

పంతులు తల ఊపుతూ చివరిదాకా విన్నాడు. "తిట్లు మంచిగున్నయి సోమమ్మా. గాని పలకను రెండుసార్లు తిట్టినవ్ పోయినేడు, ఈయేడు ఒక్కసారే తిట్టినవ్. తగ్గినవ్. ఫేల్."

ఇంత దురదృష్టంలోనూ సోమమ్మకు ఒక్క ఊరట ఉంది. ఊళ్లో వయసొచ్చిన ప్రతి మగవాణ్నీ దొర గడికి వెట్టికి పిలిచేవాళ్లు. గడ్డి మొయ్యాలి, నీళ్లు తోడాలి, కూలి అడగొద్దు. లింగన్నకు మాత్రం ఒక్కనాడూ పిలుపు రాలేదు. అదంతా దురాజ్‌పల్లి లింగమంతుల స్వామి చలవేనని ఆమె నమ్మకం. జాతర వచ్చినప్పుడల్లా మందలోంచి ఒక యాటను స్వామికి కోసేది.

ఆరో ఏడు మాత్రం వ్యవహారం ముదిరింది. కోదాడ తిరుపతయ్య కూతురు అలివేలును లింగన్నకు అడిగారు. పిల్లను లింగన్న జాతరలో చూశాడు. తప్పిపోయిన గొర్రెపిల్లను చంకనేసుకుని, దాని యజమానిని వెతికి పట్టుకుని మరీ తిడుతోంది. ఆ తిట్లు వింటూ నిలబడిపోయి లింగన్న తన గొర్లను పోగొట్టుకున్నాడు. తిరుపతయ్య ఒకటే షరతు పెట్టాడు. "మా వైపు కుర్రాళ్లు బెజవాడ దాకా పోయి చదువుతున్నారండీ. నాలుగో తరగతైనా పాస్ కానివాడికి పిల్లనెట్టా ఇచ్చేది? ఈ వైశాఖం దాకా చూస్తాను."

లింగన్న పోయి పంతులు కాళ్లు పట్టుకున్నాడు.

"సారూ, పెండ్లి ఆగుతది."

"ఆగనియ్యి."

"పిల్ల మంచిది సారూ!"

"మంచిదైతే ఆగుతది. ఆగకుంటే ఫేల్."

ఇక లాభం లేదని లింగన్న మిర్యాలగూడ కచేరీకి ఉర్దూలో దర్ఖాస్తు రాశాడు. ఆరేళ్లుగా తమను అన్యాయంగా నాలుగో తరగతిలోనే కట్టేశారనీ, హుజూర్ వారు దయతో వచ్చి విడిపించాలనీ ప్రార్థన. పదిహేను రోజులకు ఇన్‌స్పెక్టర్ సాబు దిగాడు. ఫిర్యాదు మీద కోపంతో రాలేదాయన. అంత చక్కని ఉర్దూ రాసిన ఫేలైనవాడు ఎవడో చూద్దామని వచ్చాడు.

పంతులు ఆ దర్ఖాస్తును సాబు చేతిలోంచి తీసుకుని చదివాడు. తన మీద రాసిన ఫిర్యాదని తెలిసినా ముఖం మారలేదు. "మూడు తప్పులు. ఫేల్" అని తిరిగిచ్చాడు.

సాబు మల్సూర్‌ను నోటిలెక్క అడిగాడు. మల్సూర్ కొడుకును జోకొడుతూనే జవాబు చెప్పాడు. భూగోళం అడిగితే పదకొండు మంది ఒక్క గొంతుతో కృష్ణా నదిని పుట్టిన కొండ నుంచి సముద్రం దాకా నడిపించారు. ఒకే పాఠం ఆరేళ్లు వింటే గోడకైనా వస్తుంది. పైగా పంతులు పుస్తకం అయిపోయాక ఊరికే ఉండక ఏడో తరగతి దాకా చెప్పేశాడని ఎవరికీ తెలియదు, ఆ పదకొండు మందికి కూడా.

"ఇది నాలుగో జమాతేనా?" అన్నాడు సాబు.

"అవు సాబ్. ఆరేండ్ల సంది" అన్నాడు లింగన్న.

సాబు అక్కడికక్కడే పదకొండు సర్టిఫికెట్ల మీద దస్తకత్ చేశాడు. "ఒక్క ఏడు ఆగుండ్రి సాబ్, ఇంకా పచ్చిగున్నరు" అని పంతులు వెంటపడ్డాడు. ఆయన ఎవర్నైనా బతిమాలడం లింగన్న మొదటిసారి చూశాడు. ఓడిపోయినందుకనుకుని లోపల మురిసిపోయాడు. రిజిస్టర్లోంచి పదకొండు పేర్లూ కొట్టేశారు. కోదాడకు కబురు వెళ్లింది. సోమమ్మ ఊరంతా బెల్లం పంచింది.

తెల్లవారి లింగన్న వాకిట్లో కర్ర చప్పుడైంది. వెట్టికి మనుషుల్ని పిలిచే గడి సుంకరి సైదయ్య.

"లింగా, నడువు. గడిల గడ్డి వాములు వెయ్యాలె."

"నాకెందుకు మామా? ఎన్నడన్న పిలిచినవా?"

"ఎట్ల పిలుస్తరా? బడి పెట్టిన తొలియేడు పోరగాండ్లంత వెట్టికి పోయినంక తనిఖీకి సాబు వచ్చిండు. దొర అడిగి తెచ్చిన బడి ఖాళీ. తాలూక్‌దార్ ముందట దొర పరువు పోయింది. రిజిస్టర్ల పేరున్నోన్ని పిలువొద్దని గప్పుడే హుకుం ఇచ్చిండు. నీ పేరు నిన్న కొట్టేసిరి గద."

లింగన్న వేళ్ల మీద ఒక్కో ఏడూ లెక్కపెట్టుకున్నాడు. ఆవులింత, బిగపట్టిన నోరు, పాస్ కళ లేని ముఖం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. లోపల్నుంచి సోమమ్మ అంతా విన్నది. "అయితే నా యాటలన్నీ..." అని, స్వామి వింటాడేమోనని నోరు మూసుకుంది.

కాసేపటికి పదకొండు మంది తలలొంచుకుని సైదయ్య వెంట నడిచారు. బడి దగ్గరికి రాగానే దారికడ్డంగా గౌరయ్య పంతులు. చంకలో రిజిస్టర్.

"ఆగు సైదయ్యా. బడి పిల్లల్ని ఏడికి తోల్కపోతున్నవ్?"

"పాసయిన్రు గద పంతులూ!"

"ఉర్దూల పాసయిన్రు. తెలుగుల ఏం రాదు. పొద్దుగాల్నే ఒకటో తరగతిల చేర్చుకున్న. ఇగో, సిరా గూడ ఆరలే."

"గీ మీసాలోళ్లు ఒకటో తరగతా?"

"రిజిస్టర్ల మీసాలు రాసే ఖానా లేదు. నమ్మకుంటే సూడు. మల్సూర్! రెండు రెండ్లు ఎంతరా?"

నిన్న సాబు ముందు నోటిలెక్క చేసిన మల్సూర్ ఆకాశం వంక చూశాడు. వేళ్లు లెక్కపెట్టాడు. కొడుకు వేళ్లు కూడా లెక్కపెట్టాడు. "ఏడు సారూ."

"ఫేల్!" పంతులు గొంతులో పండగ. "లింగా, నువ్వు చెప్పు."

"ఏడుకు తక్కువే ఉంటది సారూ. గుర్తొస్తలేదు."

"ఫేల్!"

ఆ మాట లింగన్న చెవికి సన్నాయిలా వినబడింది. ఆరేళ్లలో ఆ మాట విని నవ్వడం అదే మొదటిసారి. మిగతా తొమ్మిది మంది ఫేలవ్వడానికి ఒకర్నొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు.

సైదయ్య అందర్నీ చూశాడు. అతని చిన్నకొడుకు పేరూ ఆ రిజిస్టర్లోనే ఉంది. కర్ర భుజాన వేసుకున్నాడు. "రెండు రెండ్లు ఏడంటున్నరు. గిసొంటోళ్లు వామేస్తె తలకిందులేస్తరు. గదే చెప్త గడిల" అని వెళ్లిపోయాడు. దొర కూడా మళ్లీ మనిషిని పంపలేదు. సాబు తన నివేదికలో దొరను విద్యాదాత అని రాశాడు. పేర్లు తగ్గితే ఆ బిరుదూ పోతుందన్న భయం గడిలో ఉంది.

"ముందే ఎందుకు చెప్పలే సారూ?" అన్నాడు లింగన్న.

"చెప్తే నువ్వు మల్సూర్‌కు చెప్తవ్. వాడు పెండ్లానికి చెప్తడు. దినం మునిగేలోపు గడికి తెలుస్తది. నోరు మూసుకునే పాఠంల మీరంత ఎప్పుడో ఫేల్. నడువుండ్రి లోపలికి, ముందు వరసల కూసోండ్రి."

పెండ్లినాడు తిరుపతయ్య సర్టిఫికెట్‌ను ఎండకు పట్టి చూశాడు. "నాలుగు పాసంటున్నారు, ఒకటిలో ఉన్నాడంటున్నారు. మా అల్లుడు ముందుకెళ్తున్నాడా, వెనక్కెళ్తున్నాడా?"

"రెండు దిక్కుల పోతుండు. నీ అల్లుడు గట్టోడు" అన్నాడు పంతులు.

సోమమ్మ ఆయన భుజాల మీద కొత్త గొంగడి కప్పింది. ఆయన అంచు పట్టి చూసి, "ఒక మూల నేత వదులుంది. ఫేల్" అన్నాడు. వైశాఖపు మండుటెండలో, చెమటలు కారుతుండగా, సాయంత్రం దాకా దాన్ని దించలేదు.

బంతిలో తింటూ సైదయ్య, కొంచెం సిగ్గుపడుతూనే, సోమమ్మతో అన్నాడు. "వదినా, కొత్త కోడలు పేరు గడిల చెప్పాలె. వడ్లు దంచ ఆడోళ్లు తక్కువున్నరట."

సోమమ్మ చేతిలో గరిటె ఆగింది. లింగన్న పీటల మీద నుంచి సగం లేచాడు. పంతులు మాత్రం విస్తరిలో పప్పుచారు పూర్తిచేసి, "నూటికి ఇరవై మూడు" అని గొణిగి, చెయ్యి కడుక్కుని, గొంగడి లోపలి నుంచి రిజిస్టర్ తీశాడు.

"పేరేంది బిడ్డా?"

పెండ్లికూతురు తల ఎత్తింది. "అలివేలు."

"హాజర్" అని ఆయనే పలికి, ఆయనే రాసుకున్నాడు. అక్షింతలు చేతిలోకి తీసుకున్నాడు. అందరూ నిండు నూరేళ్లు, పిల్లాపాపలు అని దీవిస్తున్నారు. గౌరయ్య పంతులు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి నిండు మనసుతో దీవించాడు.

"పదేండ్లు ఫేలై సల్లగుండు తల్లీ."