బ్యాంకు కుర్చీలో మామయ్య నిద్ర

ప్యో గున్‌సప్ మామయ్య చివరిసారి ఇల్లు దాటి చేసిన పని, బ్యాంకుకు వెళ్ళి నిద్రపోవడం. కొరియాలోని కున్సాన్ రేవు దగ్గరి ఆ శాఖలో ఆయన ఇంకో పని చేయగా ఎవరూ చూడలేదు. కుర్చీ తగిలితే చాలు, టోపీ ముఖం మీదికి జారేది, గురక మొదలయ్యేది. పొడుగ్గా లాగి, చివర మరిగిన కెటిల్‌లా ఈల వేసే గురక.

మేనకోడలు సేబోమ్‌కు ఆయన కోర్టు నియమించిన సంరక్షకుడు. సేబోమ్‌కు మాట కూడదీసుకోవడానికి కాస్త సమయం పడుతుంది. లాండ్రీలో తువ్వాళ్ళు మడతపెట్టి సంపాదించిన తన జీతం తీసుకోవాలన్నా సంరక్షకుడు వెంట రావాలని నిబంధన.

అమ్మాయికి ఎంత కావాలని కౌంటరులోని ఉద్యోగిని నమ్ మొదట్లో మామయ్యనే అడిగేది. జవాబుగా గురక పెరిగేది. భుజం తట్టినా లాభం లేదు. వెనక వరుసలోవాళ్ళు గొణిగేవాళ్ళు. గత్యంతరం లేక నమ్ సేబోమ్ వైపు తిరిగేది. సేబోమ్ తన తీరికలో తాను చెప్పేది. చిత్రమేమిటంటే, అప్పుడు గురక తగ్గేది.

ఒకసారి నమ్ విసిగిపోయి, సంరక్షకుడన్నాక మెలకువగా ఉండొద్దా అంది. మామయ్య ఒక కన్ను తెరిచాడు.

"వెంట రమ్మన్నారు, వచ్చాను. మేలుకుని ఉండమని ఎక్కడ రాశారో చూపించు తల్లీ."

ఆమె నిబంధనలు తిరగేసేలోపే ఆయన మళ్ళీ ఈల దాకా వెళ్ళిపోయాడు.

ఒక నెల సేబోమ్ జీతమంతా పెట్టి డోలు కొంది. బంధువులు మామయ్య మీద పడ్డారు.

"దాని డబ్బు, దాని డోలు. చెవులు మాత్రం నావి," అని ఆయన దూది పెట్టుకున్నాడు.

ఆయన పోగానే ఖాతా ఆగిపోయింది. కొత్త సంరక్షకుడు వస్తేగానీ డబ్బు కదలదన్నారు. పెదనాన్న కొడుకు ముందుకొచ్చాడు. రాగానే ఆ డోలు అమ్మేద్దామన్నాడు. సేబోమ్ భయపడింది. తన జీతానికి ఎవరి కాపలా వద్దని కోర్టులో చెప్పుకుంది. మరి ఇన్నాళ్ళూ బ్యాంకు పనులు ఎవరు చూశారని జడ్జి అడిగాడు.

"ఈవిడేనండి," అంది సాక్షిగా వచ్చిన నమ్. "ఆయన ఒక్కసారైనా మేలుకుంటేగా."

జడ్జి సేబోమ్‌ను అడగవలసినవి అడిగి, ప్రతి జవాబూ పూర్తయ్యేదాకా ఆగాడు. జీతం ఖాతా ఇక ఆమే చూసుకోవచ్చన్నాడు.

ఆ సాయంత్రం సేబోమ్ ఇదంతా అత్తయ్యకు చెప్పింది. గురక మాట రాగానే అత్తయ్య బార్లీ టీ గ్లాసు దించింది.

"గురకా? ఆయనా? మెత్తటి పరుపు మీదే కునుకు పట్టక దొర్లే మనిషి. కుర్చీలో ఎలా పడుతుందే?"

సేబోమ్ కళ్ళు మూసుకుని చేసి చూపించింది. పొడుగ్గా లాగి, చివర ఈల.

అత్తయ్య ముఖం ఎర్రబడింది.

"ఆ గురక నాది. రోజూ పొద్దున్నే చేసి చూపించి నన్ను ఆటపట్టించేవారు," అంది. చొక్కా చేతితో నవ్వు దాచుకుంటూ అడిగింది. "బ్యాంకులో అందరి ముందూనా?"